అమ్మేసిన కారుకి ఆశీర్వదించి రాయునది

చి.ల.సౌ. ఏపీ 16 తెల్ల కారుకి,

బెజవాడ గవర్నర్‌పేట నుంచి నీ పాత ఓనరు ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. నువ్వే క్షేమంగా లేవని నిన్ను కొనుక్కున్న గుంటూరు అల్లుడుగారు నలభై రోజులుగా రెండు పూటలా ఫోన్ చేసి చెబుతున్నారు.

పెళ్లిచూపులకి మెకానిక్‌ని వెంటబెట్టుకొచ్చిన మనిషే కదా! బానెట్ ఎత్తించారు, బెంజి సర్కిల్ దాకా తోలి చూశారు, "బండి బంగారమండీ" అన్నారు. అడ్వాన్స్ ఇచ్చాక కూడా ఇంకో పదివేలు తగ్గించారు. వారధి దాటగానే ఆ బంగారం కాస్తా ఇత్తడైంది. ఏసీ చల్లగా లేదట. మే నెల మిట్టమధ్యాహ్నం గుంటూరులో ఏది చల్లగా ఉంటుంది? మైలేజీ రావట్లేదట. బ్రాడీపేట సందుల్లో ఫస్టు గేరులో తిప్పితే ఎక్కణ్ణుంచి వస్తుంది?

అవన్నీ సరే, ఆ శబ్దం సంగతే మింగుడుపడటం లేదు. "మలుపు తిప్పితే వెనకాల గడగడమంటోందండీ. మీకు ముందే తెలుసు." ఆ రెండో ముక్క ఉంది చూశావూ... 2013 నుంచి టైముకి ఆయిలు మార్పించి, ప్రతి బిల్లూ ఫైలులో పెట్టి అప్పగించినవాణ్ణి అనాల్సిన మాటేనా?

నిన్న సగం రోజు సెలవు పెట్టి ఆటోనగర్ వచ్చాను. నిన్ను జాకీ మీద లేపారు. వెనక చక్రాలు ఊడదీశారు, షాక్ అబ్జార్బర్లు చూశారు, సైలెన్సర్ తట్టి చూశారు. పాత టైరు మీద కూర్చుని నేను మూడు టీలు తాగాను. ఆఖరికి షెడ్డు కుర్రాడు డిక్కీలో మ్యాట్ ఎత్తి, స్టెప్నీ పక్కన చెయ్యి పెట్టి బయటికి తీశాడు.

కొబ్బరికాయ. పసుపు రాసి ఉంది, కుంకుమ బొట్టు కూడా చెరగలేదు. కొండ మీద నీకు పూజ చేయించిన రోజు కొట్టకుండా మిగిలిన రెండో కాయట.

"ఓహో, ఇదా!" అన్నారు అల్లుడుగారు. ఒక్క క్షణం ఆగి, "లేబరు ఎనిమిది వందలంటండీ, చెరి సగం వేసుకుందాం" అన్నారు.

కాయ ఆయనది, డిక్కీ ఆయనది, మొక్కు ఆయనది. లేబరు మాత్రం ఇద్దరిదీనా? సిగ్గుండాలి!

అన్నట్టు, నీ ఇంటిపేరు ఇంకా మారలేదు. ఓనరు పేరు మార్పించే ఫారం 29, 30 మీద నేను సంతకాలు పెట్టి ఇచ్చింది బేరం కుదిరిన రోజే. "వచ్చేవారం ఆర్టీఓ ఆఫీసుకి వెళ్తానండీ" అంటూనే ఉన్నారు. రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉంటే చట్టం దృష్టిలో వాళ్లే ఓనరని 2018లో సుప్రీంకోర్టే తేల్చింది. నువ్వు ఎవరినైనా గుద్దితే కోర్టు మెట్లెక్కేది నేనన్నమాట. ఇక ఫాస్టాగ్ మూయించకపోవడం నా బుద్ధితక్కువే. ఇవాళ పొద్దున్నే కాజ టోల్‌గేటు దగ్గర డబ్బు కట్టయినట్టు మెసేజ్ వచ్చింది. ఎటు బయల్దేరారో, సుఖంగా వెళ్లిరండి.

ఒక్క మాట. నిన్న షెడ్డులో ఆయన మూడుసార్లు తాళం తిప్పినా నువ్వు కదల్లేదు. నేను కూర్చోగానే ఒక్క తిప్పుకే అందుకున్నావు. ఆయన మొహం చూశావా?

డ్యాష్‌బోర్డు అర ఎడమ మూల మీద ఒక్కటిస్తేనే తెరుచుకుంటుందని ఆయనకింకా తెలీదు. అడిగితే చెబుదామనుకున్నాను.

ఇప్పుడు చెప్పను. నువ్వూ తెరుచుకోకు.

ఇట్లు,
రికార్డుల్లో ఇంకా నీ ఓనరు