రొయ్య బతికుందా అల్లుడూ?

మా అమ్మ విజిటర్ వీసా మీద ఆరు నెలలకని డాలస్ వచ్చింది. సూట్‌కేసులో ఆవకాయ, కందిపొడి, రెండు కేజీల సున్నుండలు, వాటి మధ్యలో పాత నేత చీరలో పసిపిల్లని చుట్టినట్టు చుట్టి తన రాగి చెంబు. రాత్రి చెంబు నిండా నీళ్లు పోసి మూత పెట్టడం, పొద్దున్నే పరగడుపున తాగడం, నలభై ఏళ్లుగా ఇదే అలవాటు. ఈ చెంబుని గుర్తుపెట్టుకోండి, దీనితో పని ఉంది.

మా హాల్లో 75 గ్యాలన్ల తొట్టి ఉంది. మన లెక్కలో సుమారు 280 లీటర్లు. అందులో చేపలు నాలుగే, మిగతాదంతా పగడాలు. అమ్మ వచ్చిన రోజు రాత్రి గర్వంగా నీలం లైట్లు వేసి చూపించాను. పగడాలన్నీ ఆకుపచ్చగా, నారింజ రంగులో మెరిసిపోతున్నాయి. అమ్మ ఓ నిమిషం చూసి, "ఏంట్రా ఇది, జాతరలో రికార్డింగ్ డాన్సు స్టేజీలా ఉంది" అంది.

"పగడాలమ్మా."

"పగడం అంటే ఉంగరంలో పెట్టుకునేది కదరా, కుజదోషానికి."

ఆ పగడం వేరు, ఈ పగడాలు వేరు అని మొదలుపెట్టాను. ఇది రాయీ కాదు, మొక్కా కాదు, జంతువు. అది కూడా ఒక్క జంతువు కాదు. వేలెడంత కొమ్మ మీద వందల పాలిప్స్ ఉంటాయి, ప్రతిదానికీ ఓ నోరు, నోటి చుట్టూ చిన్న చిన్న చేతులు. అవి కింద సున్నంతో ఇల్లు కట్టుకుంటాయి. వాటి ఒంట్లో కంటికి కనిపించని నాచు కాపురం ఉంటుంది, అదే వెలుతురుతో వంట చేసి వీటికి పెడుతుంది, వీటి తిండిలో చాలా భాగం అక్కడినుంచే వస్తుంది అని చెప్పాను.

"అంటే అద్దెకున్నవాళ్లే వండి ఇంటివాళ్లకి పెడతారన్నమాట" అంది అమ్మ. తర్వాత నన్ను ఎగాదిగా చూసి, "మరి నువ్వేం చేస్తావు?"

"నేను నీళ్లు చూసుకుంటాను."

ఈ మాట ఎవరికి చెప్పినా నవ్వుతారు కానీ నిజంగా అంతే. పగడాన్ని ఎవరూ పెంచలేరు, నీళ్లని పెంచాలి. ఉప్పు లీటరుకి 35 గ్రాముల చొప్పున ఉండాలి, వేడి 25, 26 డిగ్రీల దగ్గర ఉండాలి, ఆల్కలినిటీ (అంటే నీళ్లు ఆమ్లాన్ని తట్టుకునే గుణం), క్యాల్షియం, మెగ్నీషియం అని మూడు టెస్టులు. వాటి కోసం నా దగ్గర ఉన్న సీసాలు, సిరంజీలు, చుక్కల మందులు చూసి మా ఆవిడ ఎప్పుడో అంది, "మీ అమ్మగారికి బీపీ చూడ్డానికి ఇంత శ్రద్ధ పెట్టారా ఎప్పుడైనా?" దానికి నా దగ్గర జవాబు లేదు, ఉన్నా చెప్పను.

అమ్మకి అసలు మింగుడుపడనిది ఉప్పు బకెట్. "ఉప్పు కొని సముద్రం చేస్తున్నావా? అంతర్వేదిలో ఊరికే ఉంది కదరా." ఇంకా ఆ ఇంచు ముక్క, టార్చ్ కోరల్ అనే పగడం, ఎంతకి కొన్నావని అడిగితే పది డాలర్లని చెప్పాను. వంటింట్లోంచి మా ఆవిడ దగ్గింది. గట్టిగా దగ్గింది. ఎనభై అని ఆవిడకి తెలుసు.

సరే, అసలు కథ. ఒక ఆదివారం ఉప్పు చూశాను. దానికి రిఫ్రాక్టోమీటర్ అని చిన్న దుర్భిణీ లాంటిది ఉంటుంది. అద్దం మీద రెండు చుక్కలు నీళ్లు వేసి, మూత నొక్కి, వెలుతురు వైపు పెట్టి చూస్తే పైన నీలం, కింద తెలుపు కనిపిస్తాయి, రెండూ కలిసే గీత దగ్గర అంకె చదువుకోవాలి. 35 ఉండాలి. 30 ఉంది. గుండె ఆగింది. ఉప్పు ఎక్కడికి పోయింది? ఎక్కడైనా కారుతోందా? కార్పెట్ తడిమాను, పైపులు తడిమాను, ఏమీ లేదు. కారణం తర్వాత చూద్దాం, ముందు వైద్యం అనుకుని మూడు రోజుల్లో కొంచెం కొంచెంగా దాదాపు కిలోన్నర ఉప్పు కలిపి 35కి తెచ్చాను. తెచ్చి, నా భుజం నేనే తట్టుకుని, ఆఫీసు పని మీద నాలుగు రోజులు షికాగో వెళ్లాను.

వెళ్తూ మా ఆవిడకి ఒకటే పని చెప్పాను. రోజూ తొట్లోంచి నాలుగు లీటర్ల దాకా నీళ్లు ఆవిరవుతాయి, పోయేది నీరే, ఉప్పు పోదు, కాబట్టి ఉప్పు లేని ఉత్త నీళ్లే పోయాలి, అది కూడా గ్యారేజీలో ఫిల్టర్ చేసి డబ్బాలో పట్టిన నీళ్లే. మా ఆవిడ ఫోన్‌లోంచి తల ఎత్తకుండా ఊఁ అంది. అప్పుడే అనుమానం రావాల్సింది.

తిరిగొచ్చి బూట్లు కూడా విప్పకుండా తొట్టి దగ్గరకి వెళ్లాను. అంతా మూతబడి ఉంది. టార్చ్ కోరల్ మామూలుగా అయితే వేళ్లంత పొడుగు చేతులు చాపి, చివర్లో పసుపు బొట్లతో, నీటి వాలుకి ఊగుతూ ఉంటుంది. ఇప్పుడు ఆ చేతులన్నీ లోపలికి పోయి, కండ పల్చబడి, అంచు వెంబడి సున్నపు పలకలు పళ్లు ఇకిలించినట్టు తెల్లగా కనిపిస్తున్నాయి. పక్కన జోయాంథిడ్లు అనే పగడాల చుట్టాలు, బొత్తాల్లా గుండ్రంగా విప్పారి ఉండేవి, పిడికిళ్లు బిగించుకున్నాయి. వాటిలో ఒక రకానికి వ్యాపారుల భాషలో రాస్తా అని పేరు. నిజంగా రాస్తారోకో జరిగినట్టే ఉంది, ఊరంతా షట్టర్లు దించేసింది.

"నీళ్లెవరు పోశారు?" అన్నాను.

మా ఆవిడ అమ్మ వైపు చూసింది. అమ్మ నిశ్చింతగా చెప్పింది. "నేనేరా. ఆ పిల్లకి రాత్రిళ్లు కూడా మీటింగులేగా. నీ డబ్బాలో నీళ్లు రుచి చూశాను, చప్పగా, ఏ సత్తువా లేకుండా ఉన్నాయి. పాపం వాటికి మాత్రం బలం వద్దూ? అందుకని నా చెంబులో రాత్రంతా ఉన్న నీళ్లు రోజుకో చెంబుడు, మిగతావి నీ డబ్బావి పోశాను."

"రాగి చెంబులో నీళ్లా!"

నేను అరిచిన అరుపుకి పక్కింటివాళ్ల కుక్క మొరిగింది. మీకు తెలియకపోవచ్చు, పగడాలకి, రొయ్యలకి, నత్తలకి రాగి విషం. చేపలకి తెల్లమచ్చల జబ్బు చేస్తే రాగి మందు వేస్తారు, కానీ ఆ చేపల్ని వేరే తొట్లోకి మార్చి వేస్తారు, పగడాల తొట్లో ఒక్క చుక్క కూడా పడనివ్వరు. ఇదంతా అమ్మకి చెప్పాను. చెప్పాను అనడం కన్నా ఉపన్యాసం ఇచ్చాను అనాలి. నలభై ఏళ్లుగా ఆ నీళ్లు తాగుతూ బతికున్న మనిషి ముందు నిలబడి రాగి ఎంత ప్రమాదమో చేతులు తిప్పుతూ చెప్పాను. అమ్మ ఏమీ అనలేదు. వెళ్లి చిక్కుడుకాయలు ఒలుచుకోవడం మొదలుపెట్టింది. అది తిట్టడం కన్నా ఎక్కువ.

ఆవేశంలో చెంబుని పాలిథిన్ కవర్లో చుట్టి తీసుకెళ్లి గ్యారేజీలో పెయింటు డబ్బాల వెనక పెట్టాను. ఆ రాత్రే నీళ్లని శుభ్రం చేసే బొగ్గు గుళికల సంచి తొట్లో వేశాను. రాగిని పీల్చుకునే ప్యాడ్ ఒకటి దొరుకుతుంది, నీళ్లలో రాగి ఉంటే అది నీలం రంగుకి తిరుగుతుంది, అదీ వేశాను. మర్నాడు సాయంత్రం తీసి చూస్తే నీలంగా ఉంది! నీలమంటే మామూలు నీలం కాదు, దేవుడి పటంలో కృష్ణుడంత నీలం. ఇంటిల్లిపాదినీ పిలిచాను. ఇదిగో సాక్ష్యం అన్నాను. అమ్మ ఆ ప్యాడ్‌ని నా చేతిలోంచి తీసుకుని వంటింట్లో ట్యూబులైటు కిందకి తీసుకెళ్లింది. గోధుమరంగులో ఉంది. టీ వడకట్టిన గుడ్డలా.

హాల్లో తొట్టి పైన నీలం లైటు వెలుగుతోందని, దాని కింద నా తెల్ల బనీను కూడా నీలంగానే ఉందని అప్పుడు చూసుకున్నాను.

అయినా ఒప్పుకోలేదు. పావు వంతు నీళ్లు మార్చాను. కొత్త నీళ్లు ఎంతో జాగ్రత్తగా రిఫ్రాక్టోమీటర్లో చూసి 35 దగ్గర కలిపాను. రెండు రోజులైనా ఒక్క పాలిప్ బయటికి రాలేదు. పని చేయలేకపోతున్నాను, టెన్షన్‌తో మీటింగుల్లో అడిగినదానికి సంబంధం లేని జవాబులు చెబుతున్నాను. చివరికి మా ఆవిడే అంది, "మీ మావయ్యగారిని అడక్కూడదూ?"

మావయ్యది భీమవరం పక్క. ఇరవై ఎకరాల్లో వనామి రొయ్య వేస్తాడు. నాకు కొంచెం నామోషీ అనిపించిన మాట నిజం. ఇది రీఫ్ అక్వేరియం, ఆయనది చెరువు. కానీ రాత్రి పదిన్నరకి వీడియో కాల్ చేశాను, అక్కడ పొద్దున్న తొమ్మిది. గట్టు మీద లుంగీలో ఉన్నాడు, వెనక ఏరియేటర్లు గిలకొడుతున్నాయి. చెంబు సంగతి అంతా విన్నాడు.

"రొయ్య బతికుందా అల్లుడూ?"

ఉంది. తొట్లో ఎర్రచారల క్లీనర్ రొయ్య ఒకటి ఉంది, రాళ్ల సందులో మీసాలు ఊపుతూ ఎప్పటిలానే తిరుగుతోంది. ఫోన్ తిప్పి చూపించాను.

"ఎంత కౌంటు?"

"ఒకటే మావయ్యా."

"ఒకటే అయితే కేజీకి ఎన్నని తూగేది" అని తనే నవ్వుకుని, "రొయ్య నిక్షేపంలా ఉంటే రాగేంట్రా? రాగి ముందు దాన్ని కదా చంపాలి? అయినా లీటరు చెంబు, 280 లీటర్ల తొట్టి, అందులో ఎంతని కలుస్తుంది. నత్తలు పడిపోయాయా? లేదు కదా. సరే, ఆల్కలినిటీ ఎంత?"

"9.6."

"ముందెంత ఉండేది?"

"8.4."

"క్యాల్షియం?"

"420 ఉండేది, 480 అయింది. మెగ్నీషియం 1300 నించి దాదాపు 1490. అది నేనే అనుకున్నాను, కొత్త ఉప్పు మంచి బ్రాండేమో అని..."

కాసేపు ఏరియేటర్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. తర్వాత మావయ్య పాలేరుకి ఏదో చెప్పి నా వైపు తిరిగాడు. "మూడూ ఒకే లెక్కన పెరిగాయి కదరా. ఒకటి పెరిగితే ఆ మందు ఎక్కువైందనుకోవాలి. మూడూ కలిసి ఏడో వంతు పెరిగాయంటే నువ్వు ఉప్పు పెంచేశావు. మొదట్లో 35 ఉంటే ఇప్పుడు 40 ఉంటుంది. నీ సెలినిటీ మీటరు క్యాలిబ్రేషన్ ఎప్పుడు చూశావు?"

నేను మాట్లాడలేదు.

"మంచినీళ్లు చుక్క వెయ్యి, గీత సున్నా మీద ఉందా చూడు."

డబ్బాలోని నీళ్లు చుక్క వేసి చూశాను. గీతే లేదు. అద్దమంతా నీలం. గీత సున్నా కంటే కిందకి దిగిపోయి కనపడకుండా పోయింది. బీరువాలో మూత కూడా విప్పని, సరిగ్గా 35 ఉప్పున్న స్టాండర్డ్ నీళ్ల సీసా ఒకటి ఉంది, మీటరుతోపాటే కొన్నాను, అది వేస్తే 30 చూపించింది. అంటే మొన్న ఆదివారం నీళ్లు బాగానే ఉన్నాయి. పాడైంది కళ్లజోడు.

ఆ పెట్టెలో మీటరుతోపాటు చిన్న స్క్రూడ్రైవర్ ఒకటి ఇస్తారు, సర్దుకోవడానికి. అది పెట్టెలో లేదు. వెతికితే మా చింటూగాడి లెగో డబ్బాలో దొరికింది. ఏడేళ్లవాడు, నిద్రలోంచి లేపి అడిగితే కళ్లు నలుపుకుంటూ ఏ మొహమాటం లేకుండా చెప్పాడు. "అది పైరేట్ టెలిస్కోప్ నాన్నా. ఏమీ కనపడలేదని ఫోకస్ చేశాను."

ఫోన్లో మావయ్య ఇదంతా వింటూనే ఉన్నాడు. "ఉప్పు ఒక్కసారే దించకు, రోజుకి ఒకటి చొప్పున దించు, లేకపోతే దానికీ షాకే. కొంచెం ఉప్పునీళ్లు తీసి అంతే మంచినీళ్లు పొయ్యి. ఇంతకీ ఆ ముక్క ఎంత పెట్టి కొన్నావు?" స్పీకర్ ఆన్‌లో ఉంది. అమ్మ సోఫాలోనే ఉంది. పది డాలర్లన్నాను. మా ఆవిడ మళ్లీ దగ్గింది. నాకో ముక్క తెచ్చిపెట్టరా, చెరువు గట్టున గెస్ట్‌హౌస్‌లో పెడతానన్నాడు మావయ్య. మన దగ్గర 1972 నాటి వన్యప్రాణి చట్టంలో పగడాలు కూడా ఉన్నాయి, తెస్తే ఎయిర్‌పోర్టులోనే ఇద్దరం లోపలికి పోతామని చెప్పి ఫోన్ పెట్టేశాను.

ఐదు రోజులు పట్టింది. రోజూ బకెట్టూ మగ్గూ పట్టుకుని తీయడం, పోయడం, మీటరు చూడటం, ఆ మీటరుని సీసాతో మళ్లీ చూడటం. నాలుగో రాత్రి జోయాంథిడ్లలో రెండు కన్ను తెరిచాయి. ఆరో రాత్రికి టార్చ్ ఒక్కో వేలూ బయటికి పెట్టింది, చలికాలం పొద్దున్న దుప్పట్లోంచి కాలు బయటపెట్టి చూసినట్టు.

అప్పుడు అమ్మ దగ్గరకి వెళ్లి నిలబడ్డాను. సారీ అనే మాట మా ఇంట్లో ఎవరూ ఎవరికీ చెప్పుకోరు, అందుకని "టీ పెట్టనా?" అన్నాను.

"చెంబు ఎక్కడ పెట్టావు?" అంది.

వారం నించీ ఆవిడ ప్లాస్టిక్ బాటిల్లో నీళ్లు తాగుతోంది. గ్యారేజీకి పరిగెత్తి తెచ్చాను. కవర్ విప్పి చూస్తే నల్లబడిపోయి, అడుగున పెయింటు మరక అంటుకుని ఉంది. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, చింతపండు నానేసి సింకు దగ్గర కూర్చోబెట్టింది. నేను లాప్‌టాప్ తెరిచి మీటింగులో పడ్డాను.

పావుగంట తర్వాత తల తిప్పితే సింకులో చెంబు కొత్త పైసాలా మెరుస్తోంది. అమ్మ పక్కన స్టూలు మీద నా ఉప్పు బకెట్ మూత తీసి ఉంది. క్యాల్షియం, మెగ్నీషియం, అన్ని ఖనిజాలూ కొలిచి కలిపిన, దాదాపు వంద డాలర్ల బకెట్. అమ్మ ఇంకో గుప్పెడు తీసి చింతపండులో కలిపి చెంబు అడుగుకి పట్టించింది.

"ఈ ఉప్పు బాగా తోముతోందిరా" అంది. "ఇత్తడి దీపాలు కూడా పట్రా, పనిలో పని."

పట్టుకొచ్చాను.