నా పేరుతో ఎవరో కొట్టు తెరిచారు

పోయిన నెల ఒక సాయంత్రం గుణుపురం నుంచి ఇంజినీరింగ్ చదివే కుర్రాడొకడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, మీ ఎక్స్‌టెన్షన్ వేసుకున్నాను. తెలుగు ఫైల్ తెరిస్తే చాలు, ఎడిటర్ బిగుసుకుపోతోంది." ఎక్స్‌టెన్షన్ అంటే కోడ్ రాసే ఎడిటర్‌కి తగిలించే చిన్న ప్రోగ్రామ్. ఏ వెర్షన్ అని అడిగితే 0.3 అన్నాడు. ఒళ్ళు మండింది. ఆ తప్పు తెలిసిన రెండో రోజే 0.4 పెట్టాను. ఏడాదిన్నర కిందటి మాట అది. ఇప్పుడు నడుస్తున్నది 0.9. "అప్‌డేట్ చేసుకోవాలి కదా నాయనా" అని కాస్త విసురుగానే రాశాను. "ఇదే ఆఖరిది అంటోందన్నా" అని వాడు స్క్రీన్‌షాట్ పంపాడు.

చూస్తే అది మైక్రోసాఫ్ట్ ఎడిటర్ వీఎస్ కోడ్ కాదు, దాని సోర్స్‌తోనే వేరేవాళ్ళు కట్టిన వీఎస్‌కోడియం. దానికి ఎక్స్‌టెన్షన్ల సరుకు వచ్చేది మైక్రోసాఫ్ట్ మార్కెట్‌ప్లేస్ నుంచి కాదు, ఓపెన్ వీఎస్ఎక్స్ అనే వేరే కొట్టు నుంచి. అక్కడికి వెళ్ళి చూద్దును కదా, నా పేరుంది, నా ఎక్స్‌టెన్షన్ ఉంది, నేను అచ్చుతప్పులతో రాసిన రీడ్‌మీ కూడా ఉంది. పెట్టింది మాత్రం నేను కాదు. పెట్టిన ఖాతా ఈ పేరుకి ధ్రువీకరించిన హక్కుదారు కాదని పక్కన ఓ హెచ్చరిక. దాన్ని ఎవరు చదువుతారు?

పెట్టినవాడి మీద కోపం తెచ్చుకోవడానికి నాకు నోరు లేదు. ఎవరైనా తీసుకుని వాడుకోవచ్చనే ఎంఐటీ లైసెన్స్ ఇచ్చింది నేనే. ఎవరికో పనికొచ్చింది, అక్కడ లేదు, తీసుకెళ్ళి పెట్టాడు, తర్వాత మర్చిపోయాడు. కొట్టు పెట్టాల్సిన చోట నేను పెట్టలేదు. ఖాళీగా ఉన్న అరుగు మీద ఎవరో నా బోర్డు పెట్టి పాత సరుకు అమ్ముతున్నారు, అంతే.

ఆ సరుకేంటో కూడా చెప్పాలి. అనువాదాల ఫైళ్ళలో కంటికి కనపడని ఒక అక్షరం ఉంటుంది, జీరో విడ్త్ నాన్ జాయినర్. "ఫైర్‌ఫాక్స్" అని రాస్తే ర్ కింద ఫ ఒత్తుగా దిగిపోకుండా ఆపేది అదే. అది లేకపోతే ఒకలా, రెండుసార్లు పడితే ఇంకోలా, వెతికితే దొరకదు, చూస్తే కనపడదు. వీఎస్ కోడ్ 2021 చివర్నుంచి ఇలాంటి అదృశ్య అక్షరాలకి గడి కట్టి అనుమానంగా చూపిస్తుంది. తెలుగువాడికి అది అనుమానించాల్సిన అక్షరం కాదు, రోజూ కావలసింది. అందుకని దాన్ని చిన్న చుక్కగా చూపించి, రెట్టింపు పడినచోట మాత్రమే గోలచేసే చిన్న ఎక్స్‌టెన్షన్ రాసుకున్నాను. నాలుగొందల లైన్లు కూడా ఉండవు.

ఓపెన్ వీఎస్ఎక్స్‌లో కూడా నేనే పెడతానంటే, విశాఖలో ఎక్స్‌టెన్షన్లు రాసే మా బావ నవ్వాడు. "అక్కడెవులున్నార్రా? జనమంతా ఇక్కడే కదేటి. ఒక కొట్టు చూసుకోడానికే టైమ్ లేదు, రెండోదెందుకు?" ఈ మాట మా బావ ఒక్కడిదే అయితే ఈ పోస్ట్ రాసేవాణ్ణి కాదు. ఎక్స్‌టెన్షన్లు రాసే తెలుగువాళ్ళలో నాకు తెలిసిన ప్రతివాడూ ఇదే అంటాడు. మొన్నటిదాకా నేనూ అన్నాను.

వీఎస్ కోడ్ సోర్స్‌ని 2015 నవంబరులో తెరిచారు, ఎంఐటీ లైసెన్స్ మీద. దాన్ని ఎవరైనా తీసుకుని సొంతంగా కట్టుకోవచ్చు. కానీ మనం దించుకునే మైక్రోసాఫ్ట్ ప్యాకేజీకి లైసెన్స్ వేరు. ఇక వాళ్ళ మార్కెట్‌ప్లేస్ నిబంధనల్లో ఒక మాట ఉంది: అక్కడి ఎక్స్‌టెన్షన్లు విజువల్ స్టూడియో కుటుంబంలోని సాఫ్ట్‌వేర్‌తోనే వాడాలి. అంటే ఇల్లు ధర్మసత్రం, వంటగది మాత్రం ఇంటివాళ్ళది. అందుకే టైప్‌ఫాక్స్ అనే చిన్న కంపెనీ ఓపెన్ వీఎస్ఎక్స్ మొదలుపెట్టింది, తర్వాత అది లాభాపేక్ష లేని ఎక్లిప్స్ ఫౌండేషన్ చేతికి వెళ్ళింది. వీఎస్‌కోడియం, థియా లాంటి ఎడిటర్లు తినేది అక్కడే. ఏఐ ఎడిటర్లని అందరూ ఎగబడుతున్న కర్సర్, విండ్‌సర్ఫ్ కూడా అక్కడినుంచే. మరి "అక్కడెవులున్నారు" అన్న మా బావే ఆఫీసులో కర్సర్ వాడతాడు. ఆ సంగతి గుర్తుచేస్తే ఫోన్ పెట్టేశాడు.

మాది పర్లాకిమిడి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు ఊరు సరిహద్దు గీతకి ఇటు, ఒడిశాలో పడింది, పాతపట్నం అటు పడింది. మధ్యలో ఎంతుంది, బండి మీద పోతే టీ చల్లారదు. అయినా మా పాపకి తెలుగు వాచకం కావాలంటే నేను అటు పోయి తేవాల్సిందే. శ్రీకాకుళం చుట్టాలు "అక్కడ దొరుకుతుంది కదా" అంటారు. దొరుకుతుంది. ఇక్కడ దొరకదు. గుణుపురం కుర్రాడికి నేను "వీఎస్ కోడ్ వేసుకో" అని చెప్పబోయి ఆగింది సరిగ్గా ఇది గుర్తొచ్చే. వాడి పాత ల్యాప్‌టాప్‌లో వాడికి నచ్చిన ఎడిటర్ వేసుకున్నాడు. నా పుస్తకం కోసం వాడు ఏరు ఎందుకు దాటాలి?

సరే, పెడదామని కూర్చుంటే ఒక ఆదివారం పోయింది. ఎక్లిప్స్ ఖాతా తెరవాలి, దాన్ని కోడ్ దాచుకునే గిట్‌హబ్ ఖాతాకి కలపాలి, పబ్లిషర్ అగ్రిమెంట్ మీద సంతకం చెయ్యాలి, టోకెన్ (తాళంచెవి లాంటి రహస్య సంకేతం) తీసుకోవాలి, తర్వాత ఎక్కించడానికి ‘ఓవీఎస్ఎక్స్’ కమాండ్. మీరు ఇప్పటికే కట్టిపెట్టుకున్న ఎక్స్‌టెన్షన్ మూట, వీఎస్ఐఎక్స్ ఫైలే ఇక్కడా పనికొస్తుంది. అది ఉత్త జిప్ ఫైల్, ఎన్నిచోట్లయినా పెట్టండి. సతాయించేది పేరు. నేమ్‌స్పేస్ అంటారు దాన్ని, అది సృష్టించినంత మాత్రాన మీరు హక్కుదారు అయిపోరు, ఇది నాదేనని గిట్‌హబ్‌లో విడిగా అర్జీ పెట్టుకోవాలి. ఆధార్‌లో ఇంటిపేరు దిద్దించుకున్నట్టే ఉంది. విసుగొచ్చింది, నిజం. కానీ ఆ విసుగు ఒక్కసారిదే. ఇప్పుడు గిట్‌హబ్‌లో ట్యాగ్ వేస్తే ఒకసారి కట్టి రెండుచోట్లా అదే పెడుతుంది. మైక్రోసాఫ్ట్ వైపు, వాళ్ళ అజూర్ డెవాప్స్‌లో టోకెన్ కోసం మెనూల్లో తిరిగిన తిరుగుడు తలుచుకుంటే ఇది మేలు అనిపించింది కూడా.

ఇక్కడ మా బావ దగ్గర ఇంకో అస్త్రం ఉంది. "గ్లాస్‌వర్మ్ సంగతేటి మరి?" అది కొట్టిపారెయ్యాల్సిన మాట కాదు. 2025 అక్టోబరులో ఓపెన్ వీఎస్ఎక్స్‌లోని కొన్ని ఎక్స్‌టెన్షన్లలో ఈ పేరున్న పురుగు, అంటే తనంతట తానే పాకే దొంగ ప్రోగ్రామ్, దొరికింది. కంటికి కనపడని యూనికోడ్ అక్షరాల్లో కోడ్ దాచారు. వేసుకున్నవాళ్ళ గిట్‌హబ్ టోకెన్లు, ఎన్‌పీఎం అనే కోడ్ కొట్టు టోకెన్లు ఎత్తుకుపోయి, వాటితోనే పక్క ఎక్స్‌టెన్షన్లకి పాకింది. కనపడని అక్షరాలు చూపించే ఎక్స్‌టెన్షన్ రాసినవాడికి ఈ వార్త ఎలా ఉంటుందో ఊహించుకోండి. వాళ్ళు వాడినవి అక్షరం రూపం మార్చే వేరియేషన్ సెలెక్టర్లు, నాది వాటిని పట్టదు. ఆ రాత్రి నిద్రపట్టక అవి కూడా పట్టేలా చేశాను.

కానీ దీన్నుంచి "అక్కడ పెట్టొద్దు" అని ఎలా తేల్చారో నాకు అర్థం కాదు. విషపు ఎక్స్‌టెన్షన్లు మైక్రోసాఫ్ట్ వైపూ దొరికాయి, తీసేశారు. ఓపెన్ వీఎస్ఎక్స్‌లో నా పేరు ఖాళీగా ఉంటే దాన్ని పట్టుకునేది ప్రతిసారీ మంచి మనసున్న మతిమరుపు మనిషే అవుతాడని ఏమిటి పూచీ? నాకు దొరికింది పాత వెర్షన్ మాత్రమే, అదృష్టం. రేపు మీ పేరూ మీ బొమ్మా పెట్టి లోపల ఇంకేదో కుక్కితే, వేసుకున్నవాడు తిట్టేది మిమ్మల్నే. టోకెన్ మాత్రం జాగ్రత్త. కోడ్‌లో పెట్టి గిట్‌హబ్‌కి తోసేవాళ్ళని నేను నా కళ్ళతో చూశాను, అందులో ఒకణ్ణి అద్దంలో.

పేరు నాదైన రోజే 0.9 పెట్టి కుర్రాడికి చెప్పాను. బిగుసుకోవట్లేదు, బాగుంది అన్నాడు. మర్నాడు ఇంకో స్క్రీన్‌షాట్. వాళ్ళది సవర ఊరు, సవర భాషకున్న సోరాంగ్ సోంపెంగ్ లిపిలో పదాల పట్టిక చేస్తున్నాడట. ఆ లిపి ఉన్న లైన్లలో నా చుక్కలు పక్కకి జరిగి పడుతున్నాయి. ఎందుకో వెంటనే తెలిసింది: ఆ లిపిలో ఒక్కో అక్షరం, కంప్యూటర్ అక్షరాలు దాచుకునే యూటీఎఫ్-16 పద్ధతిలో, రెండు గదులు తింటుంది. ఎడిటర్ గదులు లెక్కపెడుతుంది, నా కోడ్ అక్షరాలు లెక్కపెడుతోంది. తెలుగుతో, ఒడియాతో ఎన్నేళ్ళు వాడినా ఇది బయటపడేది కాదు. గిడుగు రామమూర్తి ఈ ఊళ్ళో పాఠాలు చెప్తూ సవర నేర్చుకుని నిఘంటువు కట్టారని పిల్లలకి చెప్పుకుంటాం. ఆ ఊరివాణ్ణి, నాకు ఆ లిపి ఎలా ఉంటుందో మొన్నటిదాకా తెలియదు.

0.9.1 ఈ రాత్రికి ఎక్కుతుంది, రెండుచోట్లా. బావా, నీ కర్సర్‌లోకీ వస్తుంది, వేసుకో.