పన్నెండుకి మించి కుదరదు

స్టార్‌క్రాఫ్ట్ 1998లో వచ్చిన కంప్యూటర్ గేమ్. అంతరిక్షంలో మూడు జాతుల యుద్ధం: మనుషుల టెర్రన్, పురుగుల్లాంటి జెర్గ్, టెక్నాలజీలో ఆరితేరిన ప్రోటాస్. శ్రీను దాన్ని డిగ్రీ రోజుల్లో ద్వారకానగర్ నెట్ సెంటర్లో ఆడాడు. ఇప్పుడు బావమరిది కొడుక్కి నేర్పుతానంటున్నాడు. బావమరిది కిరణ్‌కి ఇష్టం లేదు. విశాఖ ఆర్కే బీచ్ గోడ మీద, చేతుల్లో మురీ మిక్చర్ పొట్లాలతో ఇద్దరూ తగువు వేసుకున్నారు.

కిరణ్: బావా, మీకున్నది ఆ గేమ్ మీద ప్రేమ కాదు, ఆ వయసు మీద బెంగ. 2017లో ఫ్రీగా ఇచ్చారు కదా, నేనూ ఆడి చూశాను. ఒకేసారి 12 మందికి మించి సెలెక్ట్ చేయనివ్వదు. కొత్తగా పుట్టిన వర్కర్ తనంతట తాను పనిలోకి పోడు. బేస్ పక్కన ఊరికే నించుంటాడు. మనమే వెళ్ళి తవ్వాల్సిన ఖనిజాలు, అదే మినరల్స్, చూపించాలి, ప్రతి ఒక్కడికీ! ఇది గేమా, మేస్త్రీ పనా?

శ్రీను: ఆ మేస్త్రీ పనే గేమ్. మినరల్స్ తవ్వుకోవచ్చు, గ్యాస్ తెచ్చుకోవచ్చు. చాలనిది మన ధ్యాసే. వర్కర్లని చూసుకుంటుంటే అక్కడ సైన్యం పోతుంది. యుద్ధం చూస్తూ కూర్చుంటే ఇక్కడ రాబడి ఆగుతుంది. ఏది వదిలెయ్యాలో తేల్చుకోవడంలోనే మజా అంతా. అన్నీ కంప్యూటరే చేసిపెడితే ఇక నువ్వెందుకు?

కిరణ్: అది తర్వాత అల్లిన కథ. ఇదే కంపెనీ మొదటి వార్‌క్రాఫ్ట్‌లో నలుగురినే పట్టుకోనిచ్చింది, రెండోదాంట్లో తొమ్మిది, దీంట్లో 12. పెంచుకుంటూనే వచ్చారు. 2010లో స్టార్‌క్రాఫ్ట్ 2 వచ్చేసరికి ఆ హద్దే లేదు. ఒకసారి చెబితే చాలు, వర్కర్లు పుట్టగానే మినరల్స్ దగ్గరికి పోతారు. అంత గొప్ప విషయమైతే తీసినవాళ్ళే ఎందుకు వదులుకున్నారు?

(ఈ దెబ్బకి శ్రీను దగ్గర సూటిగా జవాబు లేదు. మాట ట్యాంకు మీదకి మళ్ళించాడు. తెలివైన పనే.)

శ్రీను: అది పక్కన పెట్టు. టెర్రన్ వాళ్ళ సీజ్ ట్యాంకు చూశావా? కాళ్ళు దించుకుని కూర్చుందంటే 12 గడుల దూరం కొడుతుంది. దాని కళ్ళకి ఆనేది మాత్రం 10 గడులే. ఆ రెండు గడుల కోసం ఇంకెవరో ముందుకెళ్ళి చూసి పెట్టాలి. టెర్రన్ సైనికుల్ని తయారుచేసే కట్టడం, బ్యారక్స్, గాల్లోకి లేస్తుంది కదా, దాన్ని శత్రువు నెత్తిమీదికి తోలి దాని చూపుతో ట్యాంకుచేత పేల్పించేవాళ్ళం! జెర్గ్ వాళ్ళ చిన్న సైనికుడు, జెర్గ్‌లింగ్, మరీ కాళ్ళ దగ్గరికొచ్చేస్తే మళ్ళీ ట్యాంకు దాన్ని కొట్టలేదు. పక్క ట్యాంకు కొడితే ఆ గుండుకి మనవాళ్ళూ పోతారు. కట్టడాలూ అంతే. టెర్రన్ వర్కర్ ఎస్‌సీవీ దగ్గరుండి కట్టాలి. ప్రోటాస్ వర్కర్ ప్రోబ్ మొదలెట్టి తన దారిన పోతుంది. జెర్గ్ వర్కర్ డ్రోన్ అయితే తనే కట్టడమైపోతుంది, మనకో కూలీ తగ్గిపోతాడు.

కిరణ్: జాతుల సంగతి నేను కాదనలేదు, అది బాగుంది. మరి ప్రోటాస్ వాళ్ళ కాళ్ళున్న యంత్రాలు, ఆ డ్రాగూన్లో? ఎత్తు మీదికెక్కే ర్యాంపు దగ్గర నాలుగు చేరితే చాలు, దారి తెలీక ఒకదాన్నొకటి తోసుకుంటూ అక్కడే తిరుగుతాయి. దీన్నీ డిజైన్ అంటారా?

శ్రీను: అనను, అది లోపమే. కానీ కొరియాలో టీవీ లీగులు ఆ లోపాలతోనే నడిచాయి. 2001లో గేమ్‌కి 1.08 ప్యాచ్ అనే సవరణ వచ్చాక జాతుల బలాబలాలు మళ్ళీ ఎవరూ ముట్టుకోలేదు. తేడా కనిపిస్తే మ్యాపులు మార్చుకున్నారు. మినరల్స్ ఎక్కడ పెట్టాలి, ర్యాంపు ఎంత ఇరుగ్గా ఉండాలి అని.

కిరణ్: వాళ్ళ గొప్ప మీ ఖాతాలో వేసుకోకండి. మీరు ఆడింది ‘షో మీ ద మనీ’ అని దొంగ కోడ్ టైపు చేసి, పదివేల మినరల్స్ తెచ్చుకుని. అక్క చెప్పింది.

శ్రీను: మీ అక్క చూసింది కంప్యూటర్‌తో ఆడినప్పుడు. మనిషితో ఆడేటప్పుడు ఆ కోడ్ పనిచెయ్యదు. నెట్ సెంటర్లో ఒకడుండేవాడు. మొదట్లో ఇచ్చే నాలుగు డ్రోన్లతోనే, జెర్గ్‌లింగులు పుట్టాలంటే ఉండాల్సిన స్పానింగ్ పూల్ కట్టేసి ఆరు జెర్గ్‌లింగుల్ని తోలేవాడు. నా బ్యారక్స్ అప్పటికి సగమే లేచేది. పక్క కేబిన్లోంచి నవ్వు వినపడేది. మీవాడు ఫోన్లో ఎవడి చేతిలో ఓడిపోతున్నాడో వాడికి తెలుసా?

కిరణ్: నేననేదీ అదే! మీకు కావలసింది ఆ కేబిన్, ఆ నవ్వు. ఆ తుపాకుల గేమ్, కౌంటర్ స్ట్రైక్, ఆడుంటే దాని గురించీ ఇలాగే చెప్పేవారు.

శ్రీను: ఆడాను. ఎలా ఓడిపోయానో ఒక్కటీ గుర్తులేదు. ఇందులో ఆ ఆరు జెర్గ్‌లింగులూ గుర్తున్నాయి. వాటి దెబ్బకే ర్యాంపు మీద సప్లై డిపో, బ్యారక్స్ అనే రెండు కట్టడాలూ పక్కపక్కన పెట్టి దారి మూసెయ్యడం నేర్చుకున్నాను. ఏ రెండిటి మధ్య సందు ఉంటే జెర్గ్‌లింగ్ దూరిపోతుందో ఇప్పుడడిగినా చెబుతా.

కిరణ్: (పొట్లం ఉండ చుట్టి) సరే, ఆదివారం పంపిస్తా. ఏ జాతితో మొదలుపెడతారు?

శ్రీను: ప్రోటాస్. ప్రోబ్‌కి పని చెప్పి వదిలెయ్యొచ్చు, పిల్లాడికి తేలిక.

కిరణ్: అంటే ఆ డ్రాగూన్లని కూడా వాడికే అంటగడతారన్నమాట.