డిప్రెషన్‌కు తిప్పతీగ కషాయం: ఆ వాట్సాప్ మెసేజ్‌కు జవాబు

ఫ్యామిలీ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. సారాంశం ఇది: "పిల్లల్లో డిప్రెషన్ మానసిక జబ్బు కాదు, ఇమ్యూనిటీ జబ్బని సైన్స్ తేల్చేసింది. సీఆర్పీ అనే రక్తపరీక్షలో బయటపడుతుంది. మాత్రలు ఆపేసి ఒక మండలం పాటు పసుపు, మిరియాలు, తిప్పతీగ కషాయం తాగిస్తే ఇమ్యూనిటీ పెరిగి నయమవుతుంది." జనం ఎందుకు పంచుకుంటున్నారో అర్థం చేసుకోవచ్చు. సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్లామని తెలిస్తే రేపు సంబంధాలు రావేమోనని భయపడే ఇళ్లలో, "రక్తంలో ఏదో తేడా ఉందట" అని చెప్పుకోవడం తేలిక.

అందులో కొంత నిజం ఉంది, ముందు అది చూద్దాం. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ ప్రాంతంలో 1991, 92లలో పుట్టిన పిల్లలను పరిశోధకులు ఏళ్ల తరబడి గమనిస్తూ వస్తున్నారు. వాళ్లలో సుమారు 4,500 మందికి తొమ్మిదేళ్ల వయసులో రక్తం తీసి ఇంటర్‌ల్యూకిన్-6 ఎంతుందో కొలిచారు. ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు రోగనిరోధక కణాలు ఒకదానికొకటి కబురు పంపుకునే ప్రొటీన్లలో ఇదొకటి. 2014లో ఫలితం వచ్చింది. ఆ ప్రొటీన్ ఎక్కువగా ఉన్న మూడో వంతు పిల్లల్లో 18 ఏళ్లకు డిప్రెషన్ ఉండే అవకాశం, తక్కువగా ఉన్న మూడో వంతుతో పోలిస్తే దాదాపు ఒకటిన్నర రెట్లు. డెన్మార్క్‌లో 10 లక్షల మందికి పైగా పిల్లల రికార్డులు చూస్తే, ఇన్ఫెక్షన్‌తో ఆస్పత్రిలో చేరినవాళ్లలో తర్వాత మానసిక జబ్బులు ఎక్కువగా కనిపించాయి. కాబట్టి సంబంధమే లేదని ఎవరూ అనడం లేదు.

కానీ "తేల్చేసింది" అంటే ఒప్పుకోలేం. ఆ ప్రొటీన్ ఎక్కువున్న పిల్లల్లోనూ అత్యధికులకు డిప్రెషన్ రాలేదు. తక్కువున్నవాళ్లలో కొందరికి వచ్చింది. ఊబకాయం, నిద్ర చాలకపోవడం, చిన్నప్పుడు పడ్డ హింస, ఇవన్నీ రెండింటినీ పెంచగలవు. ఏది దేనికి కారణమో విడదీయడం అంత సులువు కాదు.

ఇక సీఆర్పీ. ఒంట్లో ఇన్ఫెక్షన్, వాపు ఉన్నప్పుడు రక్తంలో పెరిగే ఇంకో ప్రొటీన్ ఇది. బ్రిస్టల్ పిల్లలకు ఈ పరీక్ష కూడా చేశారు. తొమ్మిదేళ్లప్పటి సీఆర్పీకీ తర్వాతి డిప్రెషన్‌కూ సంబంధం కనిపించలేదు. మెసేజ్ రాసినవాళ్లు వెతికి మరీ పట్టుకున్నది ఆ పరీక్షనే! డిప్రెషన్ ఉన్నవాళ్లలోనైనా సీఆర్పీ లీటరు రక్తానికి 3 మిల్లీగ్రాములు దాటేది సుమారు నాలుగో వంతు మందికి. జలుబు చేసినా, చిగుళ్లు వాచినా అది పెరుగుతుంది. అసలు గొడవ రిపోర్టు నార్మల్ అని వచ్చినప్పుడు మొదలవుతుంది. "చూశావా, నీకేం లేదు, చదవడం ఇష్టం లేక నాటకాలు" అని ఇంటర్ చదివే పిల్లాడి మీద పడిపోవడానికి ఇంట్లోవాళ్ల చేతికి ల్యాబ్ ముద్రతో ఒక కాగితం దొరుకుతుంది.

కషాయం దగ్గరికొచ్చేసరికి మెసేజ్ తన మాట తనే కొట్టేసుకుంది. పరిశోధకుల అనుమానం ఇమ్యూనిటీ తగ్గిందని కాదు, అది అనవసరంగా రెచ్చిపోయి ఉంటోందని. హెపటైటిస్-సి రోగులకు ఒకప్పుడు ఇచ్చిన ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు రోగనిరోధక వ్యవస్థను రెచ్చగొట్టేవే. అవి వేయించుకున్నవాళ్లలో చాలామంది డిప్రెషన్‌లో పడ్డారు. అలాంటిదాన్ని ఇంకా పెంచుతానంటే మంట ఎక్కువైందని పొయ్యిలో ఇంకో కట్టె తోయడమే.

ఆ రెచ్చిపోయిన ఇమ్యూనిటీని మందుతో తగ్గించి చూసే ప్రయత్నాలూ జరిగాయి. మాత్రలకు లొంగని డిప్రెషన్ ఉన్న 60 మందికి అమెరికాలోని అట్లాంటాలో చేసిన ప్రయోగంలో ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే గట్టి మందును ఉత్తుత్తి మందుతో పోల్చారు. 2013లో వచ్చిన ఫలితాల్లో మొత్తం మీద రెండింటికీ తేడా లేదు. సీఆర్పీ బాగా ఎక్కువున్న కొద్దిమందిలో మాత్రం మేలు జరిగే సూచన కనిపించింది. ఆస్పత్రిలో సెలైన్‌లా ఎక్కించే మందే అందరికీ పనిచేయనప్పుడు పెరట్లో తిప్పతీగ చేస్తుందా?

పైగా తిప్పతీగ అందరికీ నిరపాయం కాదు. కోవిడ్ రోజుల్లో అది వాడాక కాలేయం దెబ్బతిన్న ఆరుగురి గురించి 2021లో ముంబై వైద్యులు రాశారు. తమ ఇమ్యూనిటీయే తమ కాలేయం మీద పడ్డ తీరు అందులో కనిపించింది. ఆయుష్ శాఖ దాన్ని ఒప్పుకోలేదన్నదీ చెప్పాలి. కూరలో పసుపుతో ఏ భయమూ లేదు. మిరియాల సారం కలిపిన కర్క్యుమిన్ మాత్రలు మాత్రం వేరే సంగతి, వాటితోనూ కాలేయం దెబ్బతిన్న కేసులున్నాయి.

డిప్రెషన్ మాత్రలు ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, నిద్ర పట్టకపోవడం, తలలో కరెంటు షాక్ కొట్టినట్టుండటం, జబ్బు తిరగబెట్టడం మామూలే. ఆపాలనుకుంటే రాసిన డాక్టరే మోతాదు మెల్లగా తగ్గిస్తారు.

నిజంగా ఇమ్యూనిటీ వల్లే మతి చలించే జబ్బు ఒకటుంది, మెసేజ్‌లో దాని ఊసే లేదు. యాంటీ-ఎన్ఎండీఏ రిసెప్టర్ ఎన్‌సెఫలైటిస్ అంటారు. 2007లో జోసెప్ డాల్మౌ బృందం దాన్ని గుర్తించింది. ఎక్కువగా వయసు ఆడపిల్లలకు వస్తుంది, కొందరిలో అండాశయ గడ్డ కారణం. నిన్నటిదాకా బాగున్న అమ్మాయి రోజుల వ్యవధిలో అర్థంలేని మాటలు మొదలుపెడుతుంది, ఆ తర్వాత ఫిట్స్, మూతి చేతులు వింతగా కదలడం, స్పృహ తప్పడం. ఇంట్లోవాళ్లు గాలి సోకిందనుకుని తాయెత్తు కట్టించే ప్రమాదం ఉంది. వెన్నులోంచి నీరు తీసి పరీక్షిస్తే తెలుస్తుంది. స్టెరాయిడ్లు, ఇమ్యునోగ్లోబులిన్‌తో రోగనిరోధక దాడిని అణచి, గడ్డ ఉంటే తీసేస్తే ఎక్కువమంది కోలుకుంటారు. ఇలా ఉన్నట్టుండి ప్రవర్తన మారి, ఫిట్స్ కూడా వస్తే అదే రోజు న్యూరాలజిస్ట్ ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్లాలి.