దస్తావేజులో కనిపించని ధర

కర్నూలు శివార్లలో, కల్లూరు వైపో నంద్యాల రోడ్డు వైపో, ఏదైనా పాత ఇంటికి ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్టరు లావాదేవీల జాబితా, ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీసి కింది నుంచి పైకి చదవండి. అడుగున భూమి ఎకరాల్లో ఉంటుంది, సర్వే నంబరు తప్ప వేరే ఆనవాలు ఉండదు. తర్వాత అదే భూమి సెంట్ల లెక్కన ప్లాట్లవుతుంది. ఆపైన డోరు నంబరు, బ్యాంకు తనఖా, తండ్రి కొడుకుకు రాసిన సెటిల్‌మెంటు వస్తాయి. ఒకప్పుడు తూర్పు హద్దు ఫలానావారి చేను, రెండు అమ్మకాలు గడిచేసరికి ముప్పై అడుగుల రోడ్డు.

ఇంత వివరంగా ఉన్న ఈ చరిత్రలో అసలు నమ్మకూడనిది ధర. ప్రతి ఎంట్రీలో రెండు అంకెలుంటాయి. ఒకటి ప్రభుత్వం కట్టిన మార్కెట్ విలువ, రెండోది కొన్నవారు ఇచ్చినట్టు రాసుకున్న ప్రతిఫలం. చాలాచోట్ల రెండూ రూపాయి తేడా లేకుండా ఒకటే. నెలల తరబడి బేరమాడి కొన్న ఇల్లు సరిగ్గా ప్రభుత్వ విలువకే ఎలా తెగుతుంది?

కారణం అందరికీ తెలిసిందే. ఆంధ్రప్రదేశ్‌లో స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ రుసుము 1, మొత్తం 7.5 శాతం. 60 లక్షలకు బేరం కుదిరిన ఇంటిని ప్రభుత్వ విలువైన 35 లక్షలకే రాయిస్తే కొనేవారికి 1,87,500 రూపాయలు మిగులుతాయి. అందరికీ కనిపించే లాభం ఇదే.

నష్టం తర్వాత మొదలవుతుంది. బ్యాంకు దస్తావేజు విలువను చూసి అప్పిస్తే, మిగిలిన 25 లక్షలు నగదుగా తేవాలి. జీతం మీద బతికే ఉపాధ్యాయుడు ఆ డబ్బు ఎక్కడ తెస్తాడు? నగలు కుదువ పెడతాడు, నూటికి రెండు మూడు రూపాయల వడ్డీకి అప్పు చేస్తాడు. రేపు ఆ ఇంటి హక్కు మీద దావా పడి అమ్మకం చెల్లకపోతే, తిరిగి అడగడానికి చేతిలో ఉండే ఆధారం 35 లక్షలకే. ఆయనే 75 లక్షలకు అమ్మాలనుకుంటే కాగితం మీద 40 లక్షల లాభం తేలుతుంది. పన్ను భయంతో ఆయనా నగదే అడుగుతాడు. ఒకరు రాయించిన అబద్ధాన్ని తర్వాత కొన్నవాళ్లంతా మోయాలి. స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, అంతకు మించి నగదు తీసుకోకూడదన్న నిబంధన 2015 నుంచి ఉన్నా ఈ పద్ధతి ఆగలేదు.

ఈసీ చెప్పనివి ఇంకా ఉన్నాయి. రిజిస్టరు కాని వీలునామా, నోటిమాట పంపకం, కోర్టులో నడుస్తున్న దావా అందులో కనిపించకపోవచ్చు. ఆన్‌లైన్ వివరాలు 1983 నుంచే దొరుకుతాయి, అంతకు ముందువి కావాలంటే సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో పాత పుస్తకాలు వెతికించాలి. 2009 అక్టోబరు వరదలో బీరువాలోని లింకు డాక్యుమెంట్లు (అంతకు ముందు అమ్మకాల పాత దస్తావేజులు) తడిసిపోయిన కుటుంబాలకు ఈ కష్టం బాగా తెలుసు. అయినా వీటన్నిటికీ న్యాయవాది ఉన్నాడు, సర్టిఫైడ్ కాపీ ఉంది. రాయని ధరను మాత్రం ఎవరూ వెతికి తీయలేరు.

2019 డిసెంబరులో కర్నూలును న్యాయ రాజధాని చేస్తామన్న ప్రతిపాదన వచ్చింది, 2021 నవంబరులో అందుకోసం చేసిన చట్టాన్ని ఉపసంహరించుకున్నారు. ఈ మధ్యలో శివారు ఇళ్ల ధరలు నిజంగా ఎంత పెరిగాయో, ఎంత తగ్గాయో రిజిస్ట్రేషన్ లెక్కల నుంచి తేల్చలేం. మధ్యవర్తి చెప్పిందే ధర. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1995 నుంచి అమ్ముడైన ఇళ్ల ధరలను ఎవరైనా చూసుకోవచ్చు. మన దగ్గర ఇళ్ల వివరాలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించాం, తప్పు ధరలతో సహా.

పూర్తి ధర రాయించి, బ్యాంకు ద్వారా చెల్లించినవారికి ప్రభుత్వం డ్యూటీ తగ్గించాలి. కుటుంబం ఉండటానికి కొనే తొలి ఇంటితో దీన్ని మొదలుపెట్టవచ్చు. 7.5 శాతం ఉన్నంతకాలం నిజం రాసేవాడికే శిక్ష పడుతోంది. కొనేవారు కూడా బయానా ఇచ్చేరోజే ధర గురించి తేల్చుకోవాలి. పూర్తి మొత్తం అగ్రిమెంటులో రాయకపోతే ముందుకు రామని అప్పుడే చెప్పాలి. రిజిస్ట్రేషన్ రోజున దస్తావేజు లేఖరి ముందు కూర్చున్నాక ఆ మాట ఎత్తితే, అప్పటికే ఇచ్చిన బయానా వెనక్కి రాదేమోనన్న భయమే వాళ్ల చేత సంతకం పెట్టిస్తుంది.