కణితి సంగతి మందులకు వదలండి

క్యాన్సర్ రోగుల కుటుంబాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫార్వర్డ్ తెగ తిరుగుతోంది. మనసులో దాచుకున్న కోపమే క్యాన్సర్‌గా మారుతుందట. అందర్నీ క్షమించి రోజూ కరుణ ధ్యానం చేస్తే కణితి కరిగిపోతుందట, పరిశోధనల్లో రుజువైందట. కీమో అంటే సొంత ఒంటితో యుద్ధం కాబట్టి కరుణకు విరుద్ధమట. రోగి ముందు భయం మాటెత్తకూడదట, మంచి మాటలే చెప్పాలట. ధ్యానం వల్ల నష్టమా, అసలే లేదట. కింద చేతులు జోడించిన బొమ్మ, పదిమందికి పంపమన్న పురమాయింపు.

ధ్యానమంటే నాకు గౌరవం. ఈ మెసేజ్ మీద చిరాకు కూడా అందుకే.

ముందు కోపం సంగతి. కణంలోని జన్యువుల్లో మార్పులు పోగుపడి, ఆ కణం అదుపు తప్పి పెరగడమే క్యాన్సర్. వయసు, పొగాకు, మద్యం, కొన్ని వైరస్‌లు, రేడియేషన్, వంశంలో వచ్చిన జన్యులోపాలు దీనికి తెలిసిన కారణాలు. ఒక్కోసారి కణం విడిపోయేటప్పుడు దొర్లిన పొరపాటు తప్ప వేలెత్తి చూపడానికి ఇంకేమీ ఉండదు. ఫిన్లాండ్, స్వీడన్‌లలో దాదాపు 60 వేలమందిని గమనించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, కలుపుగోలు మనిషా, ఊరికే కలత పడే మనిషా అన్నదానికీ క్యాన్సర్ రావడానికీ సంబంధం కనబడలేదు. ఒత్తిడి తట్టుకోలేక సిగరెట్లు పెంచితే ముప్పు పెరుగుతుంది, నిజమే. అక్కడ పనిచేసేది పొగ. ఇక కోపమే క్యాన్సర్‌గా మారుతుందన్న ఆ వాక్యాన్ని మంచం మీదున్న మనిషి చదివితే ఏమవుతుంది? ఎప్పటివో పాత గొడవలు తవ్వుకుని, ఎవరిని క్షమించలేదని తనకీ జబ్బు వచ్చిందో లెక్కేసుకుంటుంది. జబ్బు చాలదన్నట్టు నేరం కూడా ఆమె నెత్తినే పెట్టాం.

‘పరిశోధనల్లో రుజువైంది’ అన్నమాట పూర్తిగా గాల్లోంచి పుట్టలేదు. ఇలాంటి నమ్మకాలకు తరచూ ఆధారంగా చూపించేది 1989లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనం. స్టాన్‌ఫర్డ్ మానసిక వైద్యుడు డేవిడ్ స్పీగెల్, ఒళ్ళంతా పాకిన రొమ్ము క్యాన్సర్ ఉన్న 86 మంది మహిళల్ని తీసుకున్నాడు. కొందరు వారం వారం ఒకచోట కూర్చుని మాట్లాడుకున్నారు, నొప్పికి స్వీయ హిప్నాసిస్ నేర్చుకున్నారు. వాళ్ళు సగటున 36.6 నెలలు బతికారు, మిగతావాళ్ళు 18.9 నెలలు. అప్పట్లో ఇది పెద్ద సంచలనం. అయితే ఫార్వర్డులు ఆ ఏడాది దగ్గరే ఆగిపోతాయి. 2001లో కెనడా పరిశోధకులు అదే పద్ధతిని 235 మందితో మళ్ళీ పరీక్షించారు. ఆయుష్షు పెరగలేదు. దిగులు తగ్గింది, నొప్పి బాధ తగ్గింది. 2007లో స్పీగెల్ బృందమే తమ ప్రయోగాన్ని తిరిగి చేసి, మొత్తం మీద ఆయుష్షులో తేడా లేదని ప్రకటించింది. తన పేరు తెచ్చిన ఫలితాన్ని తనే మళ్ళీ పరీక్షకు పెట్టి, వచ్చింది వచ్చినట్టు చెప్పాడు. ఆ నిజాయితీ ఫార్వర్డు రాసినవాళ్ళకు ఎక్కడిది! అదే ఏడాది తల, మెడ క్యాన్సర్లున్న 1,093 మందిపై వచ్చిన మరో అధ్యయనం కూడా, మనసు కుదురుగా ఉన్నంత మాత్రాన ఎక్కువ కాలం బతకడం లేదని తేల్చింది.

పైగా వీటిలో కరుణ ధ్యానం ఊసే లేదు. ఆసుపత్రుల్లో, పరిశోధనల్లో వాడుతున్న కరుణ ధ్యాన పద్ధతుల్లో ఒకటి 2004లో ఎమరీ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకుంది. మూలం టిబెటన్ బౌద్ధ సాధన. ఏ మతం వాళ్ళయినా, మతం లేనివాళ్ళయినా చేసుకునేలా దాన్ని మార్చారు. తమను ఎవరైనా ఆప్యాయంగా చూసుకున్న ఒక క్షణాన్ని గుర్తు చేసుకోవడంతో మొదలవుతుంది. తర్వాత ధ్యాసను ఒకచోట నిలపడం, తన మీద తాను జాలిగా ఉండటం, ఆ పైన ఇతరుల బాధ వైపు చూపు. మంచం పక్కన ఇదంతా పద్ధతిగా సాగదు. సెలైన్ పంపు కూత పెడుతుంది, నర్సు బీపీ చూడటానికి వస్తుంది, వికారం తన్నుకొస్తుంది. రోగి కళ్ళు తెరిచే ఉండొచ్చు, పడుకునే చేయొచ్చు. ‘ఇదే స్థితిలో మీ స్నేహితురాలు ఉంటే ఆమెతో ఏమంటారు?’ అని అడిగి, ఆ మాటనే తనతో తాను అనుకోమనడంతో ఆ పూట ముగిసిపోవచ్చు. కణితి మీద దీని ప్రభావం సున్నా. ఆ రాత్రి తనను తాను తిట్టుకోకుండా పడుకుంటే అదే ఫలితం. ఇదే కోవకు చెందిన, ఈ క్షణం మీదే ధ్యాస నిలిపే మైండ్‌ఫుల్‌నెస్ పద్ధతుల్ని క్యాన్సర్ రోగుల ఆందోళనకు, కుంగుబాటుకు వాడొచ్చని అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం ఆస్కో 2023లో మార్గదర్శకాల్లో చేర్చింది. చికిత్సతో పాటుగా సుమా.

కీమో మానేయమన్న సలహాకు ఎక్కువ మాటలు అనవసరం. నయమయ్యే దశలో ఉండి కూడా అసలు వైద్యం వదిలేసి ప్రత్యామ్నాయాలనే నమ్ముకున్న 281 మందిని యేల్ పరిశోధకులు పరిశీలించారు. మామూలు చికిత్స తీసుకున్నవాళ్ళతో పోలిస్తే వాళ్ళలో మరణ ముప్పు రెండున్నర రెట్లు, రొమ్ము క్యాన్సర్‌లో అయిదు రెట్లకు పైనే. బాధ తగ్గాలని కోరుకోవడమే కరుణ అయితే, వాంతులు ఆపే ఇంజెక్షన్ కూడా కరుణే.

ఇక ‘మంచి మాటలే చెప్పాలి’ అన్న నియమం. నన్నడిగితే మొత్తం మెసేజ్‌లో అన్నిటికన్నా క్రూరమైన వాక్యం ఇదే, పైకి చూస్తే ముద్దుగానే ఉంటుంది. చుట్టూ ఉన్నవాళ్ళంతా ‘ఏం కాదులే’ అంటుంటే, ఏదో అవుతోందని తెలిసిన మనిషి ఎవరితో మాట్లాడాలి? 1967లో లండన్‌లో, చివరి దశ రోగుల్ని చూసుకునే సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను ప్రారంభించిన సిసిలీ సాండర్స్, రోగి నొప్పి ఒంటికి సంబంధించిందే కాదని, మనసు, కుటుంబం, బతుకు అర్థం అన్నీ అందులో కలిసి ఉంటాయని చెప్పింది. ఆధ్యాత్మిక సంరక్షణ పట్టించుకునేది ఆ నొప్పినే. ఈ పనికి శిక్షణ పొంది, ఆసుపత్రుల్లో రోగులకు తోడుగా ఉండే చాప్లెయిన్లు రోగిని మతం మార్చడానికి రారు, ధైర్యం నూరిపోయడానికీ రారు. ‘నాకే ఎందుకు?’ అని రోగి అడిగితే జవాబు చెప్పరు. కుర్చీ దగ్గరకు లాక్కుని, ఆ ప్రశ్న వెనకున్నది భయమో, దేవుడి మీద కోపమో, పిల్లల గురించిన దిగులో వింటారు. రోగి ప్రార్థన అడిగితే ప్రార్థన, వద్దంటే మౌనం. ముదిరిన క్యాన్సర్ ఉన్న 230 మందిని అమెరికాలో అడిగితే, తమ ఆధ్యాత్మిక అవసరాల్ని వైద్యవ్యవస్థ ఏదో కొద్దిగా పట్టించుకుందనో, అసలే పట్టించుకోలేదనో అన్నవాళ్ళు 72 శాతం. 2007 నాటి లెక్క ఇది.

నష్టం లేదన్న మాటా తప్పే. 83 అధ్యయనాల్ని కలిపి చూసిన 2020 సమీక్షలో, ధ్యానం చేసినవాళ్ళలో సుమారు 8 శాతం మందికి ఆందోళన, కుంగుబాటు లాంటి ఇబ్బందులు కనిపించాయి. ఊపిరితిత్తుల్లో నీరు చేరిన మనిషిని శ్వాస మీద ధ్యాస పెట్టమంటే ఆయాసమే గుర్తొస్తుంది. కొట్టిన మనిషిని ఇవాళే క్షమించమంటే పాత గాయం రేగుతుంది. అలాంటప్పుడు ఆపేయాలి, లేదా చేతిలో దుప్పటి అంచు తగులుతున్న స్పర్శ మీదికి ధ్యాస మళ్ళించాలి.

మీవాళ్ళు ఆసుపత్రిలో ఉంటే నొప్పి, బాధ తగ్గించడం మీద దృష్టి పెట్టే పాలియేటివ్ కేర్ విభాగాన్ని అడగండి. అది చివరి రోజులకే అనుకోవద్దు, చికిత్స మొదలైన రోజు నుంచే తీసుకోవచ్చు. కౌన్సెలర్ గానీ చాప్లెయిన్ గానీ ఉన్నారా, ధ్యానం నేర్పేవాళ్ళకు క్యాన్సర్ రోగులతో పనిచేసిన అనుభవం ఉందా అని కనుక్కోండి. మందులు మానేయమన్న మాట వాళ్ళ నోట వస్తే అక్కడితో వాళ్ళకు సెలవు చెప్పేయండి.