రెండో చేతి నుంచి కూడా రక్తం తీయనివ్వండి

"ఐసీయూలో మీవాళ్లు ఉన్నారా? జాగ్రత్త!" అని మొదలయ్యే ఐదు అంశాల సందేశం ఈ నెలలో నాకు ఏడుసార్లు వచ్చింది. అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, పదో తరగతి స్నేహితుల గ్రూపులో వచ్చింది, చివరికి మా పెద్దమ్మగారి అబ్బాయి కూడా పంపాడు. మొదటి రెండుసార్లు ఓపికగా వివరించాను. "ఎందుకైనా మంచిదని పంపాను" అన్నారు. మంచిది కాదు. ఆసుపత్రి మైక్రోబయాలజీ ల్యాబులో పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్నదాన్ని కాబట్టి చెబుతున్నాను.

రక్తంలో ఇన్ఫెక్షన్ అనేది బిల్లు పెంచడానికి పెట్టిన పేరు అన్నది మొదటి అంశం. కల్చర్ సీసాలో (రక్తంలో క్రిములున్నాయేమో పెంచి చూసే సీసా) పెరిగిన క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియాను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూపిస్తాను, రండి. వేపాకు, పసుపు రక్తాన్ని శుద్ధి చేస్తాయన్నది నాలుగోది. ముక్కులో గొట్టం ఉన్న మనిషికి ఇంటి నుంచి తెచ్చిన రసాలు పోయకండి. ఈ రెండింటికీ ఇంతకుమించి సమయం ఇవ్వను.

నన్ను నిద్రపోనివ్వనిది రెండో అంశం: "కల్చర్ పేరుతో రెండు చేతుల నుంచీ సీసాలకొద్దీ రక్తం లాగుతారు. ఒప్పుకోకండి. ముందు యాంటీబయాటిక్ ఇమ్మనండి." ఇది చదివిన ఒక కుటుంబం మొన్న రెండోసారి రక్తం తీయనివ్వలేదు. ల్యాబుకు ఒకే సెట్టు (ఒక చేతి నుంచి తీసిన రక్తం) వచ్చింది. అందులో చర్మం మీద మామూలుగా ఉండే స్టఫైలోకాకస్ పెరిగింది. అది రోగి రక్తంలోదా, సూది గుచ్చినప్పుడు చర్మం నుంచి వచ్చిందా? రెండో చేతి సీసాల్లోనూ అదే పెరిగితే నమ్ముతాం, పెరగకపోతే చాలావరకు పక్కనపెడతాం. రెండో సెట్టే లేకపోతే డాక్టరు దేన్ని చూసి నిర్ణయించాలి?

సీసాలకొద్దీ అంటున్నారు. పెద్దవాళ్లకు రెండు సెట్లూ కలిపి సుమారు 40 మిల్లీలీటర్లు. రక్తదానంలో ఇచ్చేది 350. అంత రక్తం ఎందుకంటే, మనిషి ప్రాణాపాయంలో ఉన్నా ఒక మిల్లీలీటరు రక్తంలో ఒక్క బ్యాక్టీరియా కూడా దొరక్కపోవచ్చు. కొద్దిగా తీస్తే తప్పించుకుపోతుంది. ముందు మందు ఎక్కించి తర్వాత తీస్తే ఇంకా ఘోరం: క్రిమి రక్తంలోనే ఉన్నా, సీసాలో మాత్రం ఏమీ పెరగకపోవచ్చు. రక్తం తీయడానికి పట్టేది నిమిషాలే. ఆ వెంటనే మందు మొదలవుతుంది, రిపోర్టు కోసం ఎవరూ ఆపరు.

క్రిమి పేరు తెలియడం ఎందుకంత ముఖ్యమో 2018లో మెరినో అనే మందుల పరీక్ష చూపించింది. సెఫ్‌ట్రయాక్సోన్ అనే యాంటీబయాటిక్‌కు లొంగని ఈ.కోలై, క్లెబ్సియెల్లా రక్తంలో ఉన్నవారిలో కొందరికి మెరోపెనెమ్, కొందరికి పిపరాసిల్లిన్–టాజోబాక్టమ్ ఇచ్చారు. ల్యాబు రిపోర్టు ప్రకారం రెండో మందూ పనిచేయాలి. కానీ 30 రోజుల్లో మొదటి వర్గంలో 3.7 శాతం చనిపోతే, రెండో వర్గంలో 12.3 శాతం చనిపోయారు. ఆ తేడాను తెలుసుకునే దారినే ఈ సందేశం మూసేస్తోంది. దీన్ని పంపేవాళ్ల మీద నాకు కోపమే ఉంది, దాచుకోను.

"ఐసీయూలో ఇన్ఫెక్షన్ ఎలాగూ తప్పదు" అన్నది మూడోది. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో వందకు పైగా ఐసీయూలు చేతులు కడుక్కోవడం, సెంట్రల్ లైను (పెద్ద సిరలోకి వేసే గొట్టం) వేసేటప్పుడు రోగిని పూర్తిగా కప్పడం, చర్మాన్ని క్లోర్‌హెక్సిడిన్‌తో తుడవడం, వీలైనంతవరకు తొడ దగ్గర లైను వేయకపోవడం, అవసరం తీరగానే తీసేయడం అనే ఐదు పనులు పట్టుదలగా చేశాయి. లైను ఉన్న ప్రతి 1000 రోజులకు సగటున 7.7 ఉన్న ఇన్ఫెక్షన్లు ఏడాదిన్నరలో 1.4కు తగ్గాయి. డాక్టర్ పీటర్ ప్రొనొవోస్ట్ బృందం 2006లో ఈ ఫలితాలు ప్రచురించింది. మన దేశంలో 54 ఆసుపత్రుల్లోని 200 ఐసీయూలలో 2017 నుంచి 2024 వరకు తీసిన ఇదే లెక్క 8.83. అంటే మిషిగన్ మొదలుపెట్టిన చోటికంటే మనం ఇంకా వెనకే ఉన్నాం. తప్పదని అనుకుంటే అక్కడే ఉంటాం. "ఈ లైను ఇంకా అవసరమా?" అని రోజూ అడగండి. అడిగే హక్కు మీకుంది.

ఐదోది చదివి ఆగిపోయాను: "యాంటీబయాటిక్ రెండు వారాలు ఎక్కించడం అనవసరం, వారం చాలు." ఇది చాలామంది విషయంలో నిజమే. ఏడు దేశాల్లో రక్తంలో ఇన్ఫెక్షన్ ఉన్న 3,608 మంది రోగులతో చేసి, 2024 నవంబరులో వెలువరించిన బ్యాలెన్స్ పరీక్షలో 90 రోజుల్లోపు మరణాలు ఏడు రోజుల వర్గంలో 14.5 శాతం, పద్నాలుగు రోజుల వర్గంలో 16.1 శాతం. తక్కువ రోజులు వాడినందువల్ల నష్టమేమీ కనిపించలేదు. మా ఆసుపత్రిలోనూ అలవాటుకొద్దీ పద్నాలుగు రాసేవారున్నారు, వాళ్లు మారాలి. అయితే స్టఫైలోకాకస్ ఆరియస్ అనే మొండి రకం బ్యాక్టీరియా సోకినవారిని, రోగనిరోధక శక్తి బాగా దెబ్బతిన్నవారిని, కృత్రిమ గుండె కవాటాలు ఉన్నవారిని ఆ పరీక్షలో చేర్చుకోలేదు. మీవాళ్లకు వారం సరిపోతుందో లేదో తేలాలంటే ముందు ఏ క్రిమో తెలియాలి. అది తెలిసేది ఆ సందేశం వద్దంటున్న సీసాల్లోనే.